ఊరి గ్రంథాలయానికి వందేళ్ల చరిత్ర రాయాలి, స్థాపన తేదీలే మూడున్నాయి

కాలవగట్టు అడిగారు:

నమస్కారం అండి. బాపట్ల జిల్లాలో ఒక చిన్న పట్నం. ఇక్కడి గ్రంథాలయం మొదట ఊరివాళ్ల సంఘంగా నడిచి, తర్వాత జిల్లా గ్రంథాలయ సంస్థ శాఖగా మారింది. శతజయంతి సంచికకు ఇరవై పేజీల చరిత్ర కావాలట. చేతిలో ఉన్న సరుకు ఇది:

గుమ్మం పక్కన శిలాఫలకం మీద 1927 అని ఉంది. పాత రబ్బరు స్టాంపులో “స్థాపితం 1924”. సంఘం రిజిస్ట్రేషన్ జిరాక్సులో 1926. యాక్సెషన్ రిజిస్టర్లు (చేరిన పుస్తకాలను వరస నంబర్లతో రాసేవి) నాలుగున్నాయి. మొదటిదానికి అట్ట లేదు, పేజీ తిప్పితే అంచులు పొడిగా రాలుతున్నాయి. తీర్మానాల పుస్తకం ఒకటి ఉంది. అందులో తేదీలు ఒకచోట ఫసలీ (పాత రెవెన్యూ సంవత్సరం), ఇంకోచోట “రక్తాక్షి మాఘ శుద్ధం” తరహాలో ఉన్నాయి. ఇవి కాక, కాకినాడ కాంగ్రెస్‌కు వస్తూ గాంధీగారు ఇక్కడ ఆగి పుస్తకాలు చూశారని ఊళ్లో అందరూ చెప్పే మాట ఒకటి.

ఏ సంవత్సరాన్ని స్థాపనగా వేయాలి? రిజిస్టర్లలోంచి చరిత్ర ఎలా తీస్తారు? బయట ఏ ఆఫీసుల్లో వెతకాలి? ఆ మొదటి రిజిస్టరును ఇంకా పాడుచేయకుండా చదవడం ఎలా?

---

రహస్యపేజీ జవాబు:

మూడు తేదీలూ నిజమే అయ్యుండొచ్చు, కాబట్టి ఒకదాన్ని ఉంచి రెండింటిని కొట్టేయకండి. ఫలకం చాలాసార్లు భవనం తేదీ చెబుతుంది. రిజిస్ట్రేషన్ కాగితం 1860 నాటి సొసైటీల చట్టం కింద సంఘం నమోదైన తేదీ చెబుతుంది. పుస్తకాలు ఇవ్వడం అంతకు రెండు మూడేళ్ల ముందే ఎవరి అరుగు మీదో మొదలై ఉంటుంది. మీకు దగ్గర్లోని వేటపాలెం సారస్వత నికేతనమే చూడండి. 1918లో వి.వి. శ్రేష్ఠి గారి చొరవతో హిందూ యువజన సంఘం పేరిట మొదలైంది, 1924లో జమ్నాలాల్ బజాజ్ చేతుల మీదుగా సొంత భవనం తెరుచుకుంది, 1929లో కొత్త భవనానికి గాంధీజీ శంకుస్థాపన చేశారు. ఈ మూడింట్లో ఏదో ఒకటే “స్థాపన” అని రాస్తే మిగతా రెండూ తప్పుల్లా కనిపిస్తాయి. సంచికలో “స్థాపన” అన్న ఒంటి మాట మానేసి, ఏ తేదీన ఏం జరిగిందో విడివిడిగా రాయండి: పుస్తకాలు ఇవ్వడం మొదలు, సంఘం నమోదు, భవనానికి శంకుస్థాపన, ప్రారంభం, ప్రభుత్వ శాఖగా మారడం.

రబ్బరు స్టాంపును మాత్రం తేలిగ్గా నమ్మకండి. “స్థాపితం 1924” అన్న స్టాంపు 1924లో చేయించింది కాకపోవచ్చు. అది ఎప్పటిదో దాని మీది చిరునామాయే చెబుతుంది. మీ వైపు ఊళ్లకు లెక్క ఇలా ఉంటుంది. పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతిది. “ఆంధ్ర రాష్ట్రము” అని ఉంటే 1953 అక్టోబరుకూ 1956 అక్టోబరుకూ మధ్య చేయించింది. మీది చీరాల, వేటపాలెం పక్క అయితే “గుంటూరు జిల్లా” అంటే 1970 ఫిబ్రవరికి ముందు, “ఒంగోలు జిల్లా” అంటే 1970-72 మధ్య, “ప్రకాశం” అంటే ఆ తర్వాత, “బాపట్ల జిల్లా” అంటే 2022 ఏప్రిల్ తర్వాత. బాపట్ల, రేపల్లె పక్క అయితే 2022 దాకా గుంటూరే, ఆ గుర్తు మీకు పనికిరాదు. పాత స్టాంపులు అరిగేదాకా వాడతారు కాబట్టి, స్టాంపు తయారైన కాలమే ఇందులో తెలుస్తుంది, పుస్తకం మీద కొట్టిన రోజు తెలియదు.

ఇక అసలు సరుకు యాక్సెషన్ రిజిస్టరే. శతజయంతి సంచికలు చాలావాటిలో అధ్యక్షుల, కార్యదర్శుల జాబితా ఉంటుంది, వచ్చిన ప్రముఖుల ఫొటోలుంటాయి, పుస్తకాల సంగతి ఒక్క పేరాతో సరి. గ్రంథాలయ చరిత్ర అంటే పుస్తకాలు ఎలా వచ్చాయి, ఎవరి డబ్బుతో వచ్చాయి, ఎలా పోయాయి అన్నదే కదా. అది ఆ రిజిస్టరులో వరసవారీగా రాసి పెట్టి ఉంటుంది.

ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి ఈ గడులు పెట్టండి: నంబరు, చేర్చిన తేదీ, పుస్తకం, రచయిత, ప్రచురణ ఊరు, ప్రచురణ సంవత్సరం, ఎక్కడ కొన్నారు లేదా దాత ఎవరు, ధర, తీసివేసిన తేదీ, రిమార్కులు, చేతిరాత. చివరి గడి వింతగా అనిపించవచ్చు, వదలకండి. రాత మారిన చోట అ, ఆ, ఇ అని గుర్తు పెట్టుకుంటూ పోతే లైబ్రేరియన్లు మారిన కాలాలు వాటంతట అవే బయటపడతాయి. తీర్మానాల పుస్తకంలోని నియామకాలతో అవి సరిపోతే సగం వెన్నెముక మీ చేతిలో ఉన్నట్టే.

ధరలు రూపాయి-అణా-పైసల్లో ఉంటాయి. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పాత పైసలు. 1-8-0 అంటే 1.50. 2-12-6 అంటే రమారమి 2.78. 1957 ఏప్రిల్ 1 నుంచి నయాపైసలు వచ్చాయి. ఇక్కడే ఒక పరీక్ష ఉంది: 1931 తేదీ వేసిన వరసలో ధర “1.50” అని ఉంటే ఆ రిజిస్టరు 1931లో రాసింది కాదు, 1957 తర్వాత ఎత్తి రాసింది. అలాగే వంద పేజీలు ఒకే రాతలో, ఒకే సిరాతో, ఒక్క కొట్టివేత లేకుండా ఉంటే అదీ నకలే అనుకోవాలి. రోజూ రాసే రిజిస్టరు అంత శుభ్రంగా ఉండదు.

ఒకే రోజు రెండు మూడు వందల పుస్తకాలు చేరినట్టు కనిపిస్తే మూడు కారణాలు చూడాలి: ఎవరైనా తమ ఇంటి పుస్తకాలన్నీ ఇచ్చేయడం, ఇంకో చిన్న గ్రంథాలయం ఇందులో కలిసిపోవడం, లేదా పాత రిజిస్టరు పోయి మళ్లీ నంబర్లు వేయడం. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం వసురాయ, రత్నకవి గ్రంథాలయాలు కలిసి ఏర్పడిందే. చిన్న ఊళ్లలోనూ ఇలాంటి కలయికలు జరిగాయి, అయితే వాటిని ఎవరూ పెద్దగా చెప్పుకోరు.

---

ఫసలీ_1357 జవాబు:

తేదీల సంగతి నేను చెప్తా. ఫసలీకి 590 కలపాలి, కానీ సంవత్సరం ఎప్పుడు మొదలవుతుందో చూసుకోవాలి. మద్రాసు ప్రెసిడెన్సీలో ఫసలీ జులై 1న మొదలు. అంటే మీ వైపు ఫసలీ 1334 అంటే 1924 జులై నుంచి 1925 జూన్ వరకు. నిజాం రాజ్యంలో అట్లా కాదు, అక్కడ ఫసలీ అక్టోబరు మొదట్లో ఆజుర్ నెలతో మొదలయ్యేది. ఆజుర్, దై, బహమన్ అంటూ నెలల పేర్లు కూడా వేరే. తెలంగాణ ఊరి కాగితాన్ని మద్రాసు లెక్కన మార్చితే జులై, ఆగస్టు, సెప్టెంబరు తేదీలు ఏడాది తప్పుతాయి.

తెలుగు సంవత్సరాలకు పట్టుకొమ్మగా ప్రభవ 1927-28 అని గుర్తు పెట్టుకోండి. వెనక్కి పోతే అక్షయ 1926-27, క్రోధన 1925-26, రక్తాక్షి 1924-25. ఎక్కువమంది ఇక్కడే బోల్తా పడతారు: రక్తాక్షి అనగానే 1924 అని రాసేస్తారు. మాఘం వచ్చేది జనవరి-ఫిబ్రవరిలో, కాబట్టి రక్తాక్షి మాఘం అంటే 1925. పుష్యం అటూ ఇటూ పడుతుంది, దానికి తిథి చూడక తప్పదు. తిథితో పాటు వారం కూడా రాసి ఉంటే అదృష్టం, ఆ ఏటి పంచాంగంతో వారం సరిచూస్తే తేదీ ఖాయమైపోతుంది. వారం కలవకపోతే బలవంతంగా కలపొద్దు. “1925 ఆరంభం” అని రాసి ఊరుకోండి.

ఇది చదివే తెలంగాణవాళ్ల కోసం రెండు మాటలు. మా దగ్గర వరస వేరు. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం, ఆ తర్వాత 1921లో ఆంధ్ర జనసంఘం వచ్చినంక జిల్లాల్లో, తాలూకాల్లో చిన్న గ్రంథాలయాలు పుట్టాయి. నిజాం సర్కారు ఉత్తర్వు గస్తీ నిషాన్ 53 అమల్లో ఉన్నప్పుడు సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలి. కాబట్టి వార్షికోత్సవానికి పెట్టుకున్న దరఖాస్తు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో దొరికే వీలుంది. అవి ఉర్దూలో ఉంటాయి, చదివేవాళ్లను ముందే మాట్లాడి పెట్టుకోండి. వార్తలకైతే 1926 మే నుంచి గోలకొండ పత్రిక.

---

సర్టిఫైడ్_నకలు జవాబు:

ఆఫీసుల సంగతి. ముందు భూమి, ఎందుకంటే భవనం ఎవరిదన్నది తేలితే చరిత్రలో సగం తగాదాలు తీరతాయి.

భవనం ఉన్న స్థలం దానంగా వచ్చి ఉంటే దానపత్రం సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నమోదై ఉండాలి. ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువాటికి ఆఫీసుకు వెళ్లి పాత ఇండెక్సులు వెతికించాలి. దాతల పేరుతో ఒకసారి, సంఘం పేరుతో ఒకసారి, సర్వే నంబరుతో ఒకసారి వెతికించండి. సంవత్సరం తెలియకపోతే ఫలకం మీది సంవత్సరానికి ఐదేళ్లు ముందు, రెండేళ్లు తర్వాత దాకా అడగండి. డాక్యుమెంటు నంబరు, సంవత్సరం దొరికాయంటే సర్టిఫైడ్ నకలు తీసుకోవడం కష్టం కాదు. ఆ పత్రంలో షరతులు తప్పకుండా చదవండి. “గ్రంథాలయము నడుచునంతవరకే” లాంటి వాక్యం ఉంటే సంచికలో రాసే ముందు కమిటీ పెద్దలకు చూపించడం మంచిది.

సంఘం నమోదు ఫైలు జిల్లా రిజిస్ట్రారు దగ్గర ఉంటుంది. సర్టిఫికెట్టుతో ఆగకండి, దానితో దాఖలు చేసిన మెమోరాండం అడగండి. మొదటి కార్యవర్గం పేర్లు, వృత్తులు, సంతకాలు, సంఘం ఆశయాలు అందులోనే ఉంటాయి. కార్యవర్గంలో ప్లీడర్లు ఎందరు, వర్తకులు ఎందరు, బడిపంతుళ్లు ఎందరు అన్నది ఆ గ్రంథాలయం గురించి పెద్ద విషయమే.

ప్రభుత్వ శాఖగా మారిన తేదీ జిల్లా గ్రంథాలయ సంస్థ దగ్గర ఉంటుంది. నేపథ్యం ఇది: కోస్తా, రాయలసీమలకు మద్రాసు ప్రజా గ్రంథాలయాల చట్టం 1948, దాని కింద జిల్లాకో స్థానిక గ్రంథాలయ సంస్థ, ఇంటి పన్నులో రూపాయికి 6 పాత పైసల సెస్సు. తెలంగాణకు హైదరాబాదు చట్టం 1955లో వచ్చింది. రెండింటినీ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం. ఇప్పటి సెస్సు ఆస్తి పన్ను రూపాయికి 8 పైసలు. మీ గ్రంథాలయం ఈ చట్టాల కింద ముందు గ్రాంటు తీసుకునే ఎయిడెడ్ గ్రంథాలయంగా ఉండి, తర్వాత శాఖ అయిందా, లేక నేరుగా శాఖ అయిందా తేల్చుకోవాలి. జనం రెండింటినీ కలిపి “గవర్నమెంటు తీసుకుంది” అనేస్తారు. గ్రాంటు తీసుకున్నంత కాలం పెత్తనం సంఘానిదే. శాఖ అయ్యాక పుస్తకాల కొనుగోలు జిల్లా నుంచి. యాక్సెషన్ రిజిస్టరులో ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది: అంతకు ముందు రకరకాల దాతలు, రకరకాల దుకాణాలు, తర్వాత ఒకే మూలం నుంచి కట్టలు కట్టలుగా.

సమాచార హక్కు దరఖాస్తు జిల్లా గ్రంథాలయ సంస్థలోని పౌర సమాచార అధికారికి పెట్టండి. జిల్లా స్థాయిలో ఫీజు 10 రూపాయలు, నకళ్లకు పేజీకి 2 రూపాయలు, గడువు 30 రోజులు. “చరిత్ర ఇవ్వండి” అని రాస్తే “సమాచారం లేదు” అని వస్తుంది. ఇలా అడగండి: ఫలానా శాఖను స్వాధీనం చేసుకున్న ప్రొసీడింగ్స్ నకలు, ఆ రోజు అప్పగించిన పుస్తకాల, ఫర్నిచర్ జాబితా నకలు, స్టాక్ వెరిఫికేషన్ నివేదికల నకళ్లు, తొలగించిన పుస్తకాల జాబితాల నకళ్లు. ఈ నాలుగూ అసలంటూ ఉంటే ఫైల్లో కాగితాలుగానే ఉంటాయి, ఎవరూ కొత్తగా తయారు చేయనక్కర్లేదు. కొత్త జిల్లా వచ్చాక పాత ఫైళ్లు ఒంగోలులోనో గుంటూరులోనో ఉండిపోయి ఉండొచ్చు. అక్కడికి బదిలీ చేయమని దరఖాస్తులోనే రాస్తే నెల కలిసొస్తుంది.

1953 అక్టోబరుకు ముందు సచివాలయ స్థాయి కాగితాలు కావాలంటే చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు పోవాలి. చిన్న ఊరి గ్రంథాలయానికి అక్కడ ఏదైనా దొరుకుతుందా అంటే, రాజకీయ సభలకు వేదికైతేనే. ముందు మిగతావన్నీ చూసి చివర్లో వెళ్లండి.

---

మైదాజిగురు జవాబు:

మొదటి రిజిస్టరు గురించి. ఇంకెవరూ దాన్ని తిప్పకముందే ఇది చదవండి.

అంచులు రాలుతున్నాయంటే కాగితంలో ఆమ్లం పెరిగి పెళుసుబారింది. దాన్ని వెనక్కి తేలేం, కానీ ఒక్కసారి ఫొటో తీసి మూసేస్తే ఇంకో యాభై ఏళ్లు ఉంటుంది. పది మంది పది సార్లు తిప్పితే ఉండదు.

చేయకూడనివి ముందు. సెల్లోటేపు వద్దు, దాని జిగురు పసుపుబారి కాగితంలోకి దిగిపోతుంది, తీస్తే అక్షరాలతో సహా వస్తుంది. లామినేషన్ అసలే వద్దు. తడిగుడ్డ వద్దు: పాత స్టాంపుల ఊదా సిరా, కాపీయింగ్ పెన్సిలు రాత నీటికి కరిగిపోతాయి, చెమట చేతులకు కూడా అంటుతాయి. ఎండలో ఆరబెట్టొద్దు. ఊరి బైండరుకు ఇచ్చి కుట్టించొద్దు. అంచులు కత్తెర వేసి సమం చేస్తారు, ఆ కత్తెరలో నంబర్ల గడి పోతుంది. పైగా బైండింగు జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపే అలవాటు ఉంది. పురుగు పట్టని మాట నిజమే, కానీ ఆ రాగి లవణం కాగితాన్ని ఇంకా త్వరగా గోధుమరంగుకు తిప్పి విరగ్గొడుతుంది. పాత బైండింగు పుస్తకాల్లో వెన్ను పక్క రెండంగుళాలు మాత్రమే ముదురు రంగుకు తిరిగి విరిగిపోతుంటాయే, ఆ జిగురు మీద అనుమానపడాల్సిందే.

చేయాల్సినవి. మెత్తటి వెడల్పు బ్రష్‌తో వెన్ను నుంచి బయటికి దుమ్ము తుడవండి, ముక్కుకు మాస్కు ఉండాలి. పురుగు బతికే ఉందో లేదో చూడాలంటే రిజిస్టరును తెల్లకాగితం మీద పెట్టి వారం వదిలేయండి. కింద కొత్తగా సన్నటి పొడి రాలితే పురుగు ఉన్నట్టే. అప్పుడు పాలిథీన్ కవరులో గాలి తీసి, గట్టిగా మూసి, డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచాలి. బయటికి తీశాక కవరు వెంటనే విప్పకూడదు, ఒక రోజు పూర్తిగా అలాగే ఉంచాలి. చల్లటి కాగితం మీద గాలిలో తేమ పడితే మొత్తం శ్రమ వృథా. ఇంటి ఫ్రిజ్ పైన ఉండే ఐసు అర సరిపోదు, ఆ చలి నిలకడగా ఉండదు. కలరా ఉండలు పెడితే కొత్త పురుగు కాస్త దూరంగా ఉంటుందేమో, లోపలి గుడ్లు చావవు. మూసిన గదిలో చదివేవాళ్లకు తలనొప్పి అదనం.

ఫొటోలకు స్కానర్ వద్దు, బోర్లించి నొక్కితే వెన్ను విరుగుతుంది. ఫోను చాలు. రిజిస్టరును పూర్తిగా పరవకుండా, రెండు వైపులా దిండ్లు పెట్టి 100 డిగ్రీల కోణంలోనే తెరవండి. ఎడమ పేజీలన్నీ ఒక విడత, కుడి పేజీలన్నీ ఒక విడత. ఫోను పేజీకి సమాంతరంగా స్టాండు మీద ఉండాలి. ఫ్లాష్ ఆపేయండి, కిటికీ వెలుతురు పక్క నుంచి పడితే వెలిసిపోయిన పెన్సిలు గీతలు కూడా లేస్తాయి. రంగుల్లోనే తీయండి. ఎర్ర సిరా కొట్టివేతలు, ఊదా స్టాంపు, నీలి సిరా నలుపు-తెలుపులో ఒకటైపోతాయి. మొదటి ఫొటోలో స్కేలు, రిజిస్టరు పేరు రాసిన చీటీ ఉండాలి. ఫైలు పేరు “రి1-పే004-ఎ” లాగా పెట్టండి. ఫోను ఇచ్చే పేర్లతో వదిలేస్తే రెండో రోజుకే కలగాపులగం. రాలిన ముక్కలు పారేయకుండా, ఏ పేజీల మధ్య దొరికాయో రాసి చిన్న కవర్లలో వేయండి. నంబరు ఉన్న ముక్క ఒక్కటి దొరికినా తర్వాత అతుకుతుంది.

తాటాకు గ్రంథాలు కూడా ఉంటే వాటికి ఇవేవీ వర్తించవు. నిమ్మగడ్డి నూనె పూయడం తెలిసినవాళ్లకే వదిలేయండి.

---

కాలవగట్టు:

అందరికీ ధన్యవాదాలు. ఫొటోలు పూర్తయ్యాయి. రెండు చిక్కులు. మొదటి రిజిస్టరులో 1 నుంచి 1,140 దాకా ఒకే రాత, తేదీ గడిలో 1924 నుంచి 1950 దాకా వరసగా ఉన్నా ధరలన్నీ దశాంశాల్లో ఉన్నాయి. అంటే అది నకలే కదా? అసలు రిజిస్టరు దొరికే ఆశ లేదు. రెండోది, తీర్మానాల పుస్తకంలో 1931-37 మధ్య పేజీలే లేవు. ఇప్పుడేం చేయాలి? గాంధీగారి సంగతి ఎవరూ చెప్పలేదు.

---

రహస్యపేజీ:

నకలే. నకలైనా పనికొస్తుంది, రాసినవాళ్లు పాత తేదీలు ఎత్తి రాశారంటే వాళ్ల ముందు ఏదో పాత పుస్తకం ఉండే ఉండాలి. అయితే అప్పటికే పోయిన పుస్తకాలను వదిలేసి, మిగిలినవాటికే కొత్త నంబర్లు వేసి ఉండొచ్చు. అలా వేశారో లేదో బీరువాలోని పుస్తకాలే చెబుతాయి.

1950కి ముందు అచ్చయి, ఇప్పటికీ అరల్లో ఉన్న పుస్తకాలన్నీ తీయండి. ప్రతిదాంట్లో మూడు చోట్ల చూడాలి: ముఖపత్రం వెనక, చివరి పేజీ, ఇంకా రహస్య పేజీ. ముఖపత్రం చించేసినా పుస్తకం తమదని గుర్తుపట్టడానికి ఏదో ఒక పేజీని ఎంచుకుని ప్రతి పుస్తకంలోనూ అక్కడే స్టాంపు, నంబరు వేయడం గ్రంథాలయాల అలవాటు. అది 25 కావొచ్చు, 51 కావొచ్చు. నాలుగు పుస్తకాలు తిరగేస్తే మీ దగ్గర ఏ పేజీయో తెలిసిపోతుంది. అక్కడ రెండు నంబర్లు, పాతది కొట్టేసి కొత్తది వేసి ఉంటే మీ పంట పండినట్టే. పాత నంబరు, కొత్త నంబరు, తేదీ అని మూడు గడుల పట్టిక వేయండి. పాత నంబరు 2,310 ఉన్న పుస్తకానికి కొత్త నంబరు 870 అని తేలితే, అప్పటికి కనీసం 1,440 పుస్తకాలు పోయాయని మీరు ధైర్యంగా రాయొచ్చు. పట్టికలో ఎక్కడ ఖాళీలు ఎక్కువ ఉన్నాయో చూస్తే ఏ ఏళ్లలో చేరిన పుస్తకాలు ఎక్కువ పోయాయో కూడా తెలుస్తుంది.

నంబర్లు మార్చడానికి కారణం వెతకండి. ధరలు దశాంశాల్లో ఉన్నాయి కాబట్టి అది 1957 తర్వాతి పని. సాధారణంగా శాఖగా మారినప్పుడు అప్పగింత జాబితా కోసం చేస్తారు. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత చేసిన ఊళ్లు కూడా మీ తీరంలో ఉండొచ్చు. రెండో రిజిస్టరు మొదటి తేదీ ఏమిటో చూడండి, ఈ నకలు దానికి కాస్త ముందుదే అయ్యుండాలి.

తీర్మానాల పుస్తకంలో పేజీలు లేవంటే వెంటనే పోలీసులు పట్టుకెళ్లారని రాయకండి. ఉప్పు సత్యాగ్రహం కాలంలో కొన్నిచోట్ల అలా జరిగింది కాబట్టి ఇక్కడా జరిగే ఉంటుందనుకోవడం సులువు. కుట్టు దగ్గర చూడండి: కత్తితో కోసిన గీత ఉందా, లాగితే చిరిగిన పీచు ఉందా, లేక ఒక కట్ట మొత్తం దారంతో సహా ఊడిందా. కట్ట ఊడిందంటే బైండింగు లోపమే. ఆ ఆరేళ్లకు ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రికల్లో వార్షికోత్సవ వార్తలు చూడాలి. మీకు వేటపాలెం దగ్గరే కదా, సారస్వత నికేతనం పేరు మోసిందే పాత పత్రికలకు. రోజువారీ సంచికలన్నీ తిప్పక్కర్లేదు. ఉన్న ఏళ్ల తీర్మానాల్లో వార్షికోత్సవం ఏ నెలలో జరిపేవారో చూసి, ఆ నెలా తర్వాతి రెండు వారాలూ చూస్తే చాలు.

---

సర్టిఫైడ్_నకలు:

గాంధీగారి మాట. కాకినాడ కాంగ్రెస్ 1923 డిసెంబరులో. గాంధీ 1922 మార్చిలో అరెస్టయి 1924 ఫిబ్రవరి దాకా జైల్లోనే ఉన్నారు, కాకినాడకు రానేలేదు. అంతమాత్రాన ఊరివాళ్ల మాట మొత్తం అబద్ధమని తేల్చకండి. 1921లో బెజవాడ కాంగ్రెస్ కమిటీ సమావేశానికి వచ్చారు, 1929 ఏప్రిల్, మే నెలల్లో ఖద్దరు నిధి కోసం ఆంధ్రదేశమంతా తిరిగారు, 1933 డిసెంబరులో హరిజన యాత్ర. మీ గ్రంథాలయం 1924 తర్వాతిది కాబట్టి ఇందులో రెండే మిగులుతాయి. 1929 యాత్రలో ఏ రోజు ఏ ఊరో ఆయన సంకలిత రచనల్లోనూ ఆనాటి పత్రికల్లోనూ దొరుకుతుంది. మీ ఊరి పేరు ఉంటే తేదీతో వేయండి. లేకపోతే కాంగ్రెస్‌కు వెళుతూ ఆగిన నాయకులు వేరెవరైనా అయ్యుండొచ్చు. సందర్శకుల పుస్తకంలో 1923 సంతకాలు ఉండవు గానీ, తర్వాతి ఏళ్లవి చూడండి.

---

పడవ_గ్రంథాలయం జవాబు:

ఒక్క విన్నపం. ఇరవై పేజీల్లో గ్రంథాలయోద్యమానికి ఐదారు పేజీలు ఇచ్చేయకండి. 1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయం ఆధ్వర్యంలో చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి అధ్యక్షతన తొలి మహాసభ, అయ్యంకి వెంకటరమణయ్య గారి కృషి, గ్రంథాలయ సర్వస్వం పత్రిక, గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు, 1935లో పాతూరి నాగభూషణం గారి పడవ గ్రంథాలయం... ఇవన్నీ ప్రతి సంచికలోనూ మక్కీకి మక్కీ ఉంటాయి. మీ ఊరికి వీటితో సంబంధం ఉందని కాగితం చూపిస్తే రాయండి. ఆ కాగితం సాధారణంగా జమాఖర్చుల పుస్తకంలో ఉంటుంది: ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘానికి కట్టిన చందా, గ్రంథాలయ సర్వస్వానికి పంపిన మనియార్డరు, మహాసభకు వెళ్లిన ప్రతినిధి రైలు ఖర్చు. “మహాసభకు పోయి వచ్చిన ఖర్చు” అని నాలుగు రూపాయల పద్దు ఒకటి కనిపిస్తే, అది ఉద్యమం గురించి రాసే నాలుగు పేజీల కంటే మీ ఊరికి ఎక్కువ చెబుతుంది.

జమాఖర్చుల్లోనే ఇంకా చూడాల్సినవి: కిరసనాయిలు ఎప్పటిదాకా కొన్నారు, కరెంటు బిల్లు ఎప్పుడు మొదలైంది, పత్రికల చందాలు ఏవేవి, సభ్యత్వ రుసుము ఎంత, ఎప్పుడు పెరిగింది. దీపం ఖర్చు పెరిగిన ఏడాది అంటే సాయంత్రాలు తెరిచి ఉంచే వేళ పెరిగి ఉండొచ్చు, తీర్మానాలతో సరిచూడండి. స్త్రీలకు వేరే వేళలుగానీ వేరే గదిగానీ పెట్టారా, హరిజనవాడకు పుస్తకాలు పంపారా అన్నవి కూడా తీర్మానాల్లోనే వెతకాలి. లేకపోతే లేవని రాయాలి, “అందరికీ తలుపులు తెరిచింది” అని నింపేయొద్దు.

ఇష్యూ రిజిస్టర్లు మిగిలి ఉంటే ఏ ఏడాది ఏ పుస్తకం ఎన్నిసార్లు బయటికి పోయిందో లెక్క తీసి వేయండి. చదివినవాళ్ల పేర్లు మాత్రం అచ్చు వేయకండి. వాళ్ల పిల్లలు, మనవలు ఆ ఊళ్లోనే ఉంటారు, ఎవరు ఏం చదివారన్నది వాళ్ల సొంత సంగతి. ఫొటోల ప్రతులు మూడు ఉంచండి: ఒకటి గ్రంథాలయంలో, ఒకటి జిల్లా సంస్థకు రాతపూర్వకంగా అప్పగించి రసీదు తీసుకుని, మూడోది వేరే ఊళ్లో ఉన్న కమిటీ సభ్యుల దగ్గర.